సెప్టిక్ షాక్‌లో విటమిన్ సి: ఏది ఆపాలి, ఏది ఉంచాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. చిత్తూరులో పది పడకల ఐసీయూలో డ్యూటీ డాక్టర్‌గా చేస్తున్నవారు అడిగారు. సెప్టిక్ షాక్‌తో (ఇన్‌ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయిన స్థితి) ఎవరొచ్చినా అక్కడ విటమిన్ సి 1.5 గ్రాములు ఆరు గంటలకోసారి, థయామిన్ (విటమిన్ బీ1) 200 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 50 మి.గ్రా. ఆరు గంటలకోసారి, మూడూ కలిపే రాస్తారట. పెద్ద డాక్టరు గారు ఏళ్లుగా అలాగే రాయిస్తున్నారు. బీపీ తొందరగా కుదురుకుంటోందని నర్సులూ అంటున్నారు. కొత్తగా చదువుకుని వచ్చినవాళ్లు మాత్రం వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

మూడింటినీ ఒకే మందుగా చూస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. విడదీసి చూడండి. విటమిన్ సి ఆపేయండి. థయామిన్ అందరికీ అక్కర్లేదు గానీ, మన పక్క వచ్చే కేసుల్లో కొందరికి అది తప్పనిసరి. హైడ్రోకార్టిసోన్‌కు దాని లెక్క దానికుంది, ఆ లెక్క ప్రకారమే ఇవ్వాలి.

ఈ మూడింటి కలయిక ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను. 2017లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ నుంచి డాక్టర్ పాల్ మారిక్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఈ మూడూ ఇచ్చిన 47 మందిలో ఆసుపత్రి మరణాలు 8.5 శాతం, అంతకుముందు నెలల్లో ఇవ్వకుండా చూసిన 47 మందిలో 40.4 శాతం. ఆ అంకెలు చూసి ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. మందు చవక, దొరకనిది కాదు, విటమినే కదా హాని ఏముంటుందిలే అనుకున్నారు. కానీ అది ఒకే ఆసుపత్రి, లాటరీ వేసి రోగులను రెండు గుంపులుగా విడగొట్టలేదు, రెండు గుంపులూ వేర్వేరు నెలలవి. ఇవ్వనివాళ్లకు అప్పట్లో చేసిన వైద్యం, ఇచ్చినవాళ్లకు తర్వాత చేసిన వైద్యం మిగతా అన్ని విషయాల్లో ఒకటేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ ఒక్క మందూ సెప్టిక్ షాక్ మరణాలను అయిదో వంతుకు దించదు. అంకె అంత అందంగా ఉన్నప్పుడే అనుమానం రావాలి.

సిద్ధాంతం మాత్రం బాగానే ఉంది, అందుకే అంతమంది నమ్మారు. సెప్సిస్‌లో రక్తంలో విటమిన్ సి నిజంగానే పడిపోతుంది. బీపీని నిలబెట్టే నార్‌అడ్రినలిన్, వేసోప్రెసిన్ హార్మోన్లను శరీరం తయారు చేసుకోవడానికి విటమిన్ సి కావాలి. రక్తనాళాల లోపలి పొరను ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతుంది కూడా. అయితే ఒకటి తగ్గింది కాబట్టి దాన్ని బయటి నుంచి పోస్తే రోగి బతుకుతాడన్నది వేరే ప్రశ్న. దాన్ని ట్రయల్‌తోనే తేల్చాలి.

తేల్చారు కూడా. 2020 జనవరిలో వచ్చిన విటమిన్స్ ట్రయల్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ దేశాల రోగులు ఉన్నారు. ఒక గుంపుకు మూడూ, రెండో గుంపుకు హైడ్రోకార్టిసోన్ ఒక్కటే ఇచ్చారు. ఏడు రోజుల్లో బీపీ పెంచే మందులు లేకుండా బతికి ఉన్న సమయం మొదటి గుంపులో 122.1 గంటలు, రెండో గుంపులో 124.6 గంటలు. తేడా లేదు. అదే ఏడాది అమెరికాలో 205 మందిపై జరిగిన యాక్ట్స్ ట్రయల్‌లో సోఫా స్కోరులో (అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే అంకె) తేడా రాలేదు. 2021లో విక్టాస్ 501 మందిపై జరిగింది, అక్కడా అంతే. ఇక 2022లో వచ్చిన లోవిట్ ఈ విషయాన్ని తలకిందులు చేసింది. ఐసీయూలో చేరి 24 గంటలు దాటని, బీపీ పెంచే మందు మీదున్న 872 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు విటమిన్ సి ఒక్కటే, కిలోకు 50 మి.గ్రా. చొప్పున ఆరు గంటలకోసారి, నాలుగు రోజుల దాకా ఇచ్చారు. 28వ రోజుకు మరణం గానీ, అవయవాలు ఇంకా మందులతో, యంత్రాలతో నడిచే స్థితి గానీ విటమిన్ సి గుంపులో 44.5 శాతం, ఉత్తుత్తి మందు గుంపులో 38.5 శాతం. అంటే మేలు లేకపోవడం అటుంచి, హాని వైపు మొగ్గింది. సెప్సిస్ చికిత్సకు అంతర్జాతీయ నిపుణులు రాసే సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2021 మార్గదర్శకాలు లోవిట్ రాకముందే విటమిన్ సి వద్దన్నాయి. బలహీన స్థాయి సిఫారసే, కానీ వద్దనే.

మీ పెద్ద డాక్టరు గారు రెండు మాటలు అనొచ్చు. ఒకటి, లోవిట్‌లో డోసు ఎక్కువ, మనం ఇచ్చేది అందులో సగమే కదా అని. 60 కిలోల మనిషికి లోవిట్ లెక్కన రోజుకు 12 గ్రాములు, మీరు ఇచ్చేది 6 గ్రాములు, నిజమే. కానీ విటమిన్స్ ట్రయల్‌లో ఇచ్చింది సరిగ్గా మీ 6 గ్రాములే, అక్కడా లాభం రాలేదు. రెండోది, సిట్రిస్ ట్రయల్‌లో మరణాలు తగ్గాయి కదా అని. 2019లో సెప్సిస్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్న 167 మందిపై అది జరిగింది. 28 రోజుల మరణాలు విటమిన్ సి గుంపులో 29.8 శాతం, రెండో గుంపులో 46.3 శాతం అన్నది నిజమే. కానీ ఆ ట్రయల్ తేల్చాలనుకున్న ముఖ్య ఫలితాల్లో ఒక్కటీ మారలేదు. ముందే రాసుకున్న 46 అదనపు ఫలితాల్లో ఇదొకటి. అన్ని గీతలు గీస్తే ఒకటి రెండు ఎక్కడో కలుస్తాయి. దాని మీద వైద్యం కట్టుకోలేం. పెద్ద ట్రయల్ వచ్చి సరిచూసింది, ఆ ట్రయలే లోవిట్.

మరి నర్సులు చూస్తున్నది అబద్ధమా? కాదు. బీపీ నిజంగానే తొందరగా నిలబడుతోంది, నిలబెడుతున్నది హైడ్రోకార్టిసోన్. 2018 నాటి అడ్రినల్ ట్రయల్‌లో 3658 మందికి రోజుకు 200 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ గానీ ఉత్తుత్తి మందు గానీ ఇచ్చారు. మరణాల్లో తేడా రాలేదు, 27.9కి 28.8 శాతం. షాక్ మాత్రం నాలుగు రోజులకు బదులు మూడు రోజుల్లో విడిచింది. మూడు మందులు ఒకే ట్రేలో వెళ్తుంటే నార్‌అడ్రినలిన్ తగ్గడానికి కారణం ఏదో పడక పక్కన నిలబడి ఎవరూ చెప్పలేరు. పేరు విటమిన్‌కు వచ్చింది, పని స్టెరాయిడ్ చేసింది.

ఇక హాని సంగతి. మార్గదర్శకాలు చదివినవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా దాటేస్తారు గానీ, చిన్న ఐసీయూలో అసలు ప్రమాదం ఇక్కడే. మీరు షుగర్ చూసేది గ్లూకోమీటర్‌తో. స్ట్రిప్ మీద గ్లూకోజ్ ఆక్సీకరణ చెందినప్పుడు పుట్టే కరెంటును ఆ మీటర్ కొలుస్తుంది. రక్తంలో విటమిన్ సి బాగా ఎక్కువగా ఉంటే అది కూడా అదే ఎలక్ట్రోడ్ మీద ఎలక్ట్రాన్లు వదులుతుంది, మీటర్ దాన్నీ గ్లూకోజ్‌గానే లెక్కగడుతుంది. అసలు షుగర్ 90 ఉన్నా జీఆర్‌బీఎస్ (మీటర్ షుగర్) చార్టులో చాలా పెద్ద అంకె పడొచ్చు. పైగా అదే రోగికి హైడ్రోకార్టిసోన్ వెళ్తోంది, స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరగడం మామూలే కాబట్టి ఆ అంకెను ఎవరూ అనుమానించరు. ఇన్సులిన్ ఇన్‌ఫ్యూజన్ పెంచుతారు. రోగి వెంటిలేటర్ మీద మత్తులో ఉంటాడు, చెమటలు పట్టినా, స్పృహ తప్పినా షాక్ లక్షణాల్లో కలిసిపోతాయి. ఫిట్స్ వచ్చేదాకా హైపోగ్లైసీమియా (షుగర్ పడిపోవడం) అని తెలియదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో విటమిన్ సి బయటికి పోదు, కాబట్టి మందు ఆపాక కూడా ఈ తప్పు కొన్నాళ్లు నడుస్తుంది.

ల్యాబ్‌కు పంపితే సరిపోతుందా అంటే, ల్యాబ్‌లో ఏ పద్ధతో అడగండి. హెక్సోకైనేజ్ పద్ధతి అయితే నమ్మొచ్చు. మన చిన్న ల్యాబుల్లో ఎక్కువగా వాడేది జీఓడీ-పీఓడీ కిట్టు. అందులో రంగు రావడానికి కావలసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విటమిన్ సి తినేస్తుంది, కాబట్టి అక్కడ అంకె తక్కువగా పడుతుంది. ఒకే రక్తానికి మీటర్ ఎక్కువ చూపిస్తుంది, ల్యాబ్ తక్కువ చూపిస్తుంది, నిజం మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఎంజైమ్ పద్ధతిలో చూసే క్రియాటినిన్ కూడా ఇదే కారణంతో తక్కువ పడొచ్చు. మూత్రం డిప్‌స్టిక్‌లో గ్లూకోజ్, రక్తం, నైట్రైట్ ఉన్నా లేవని చూపించవచ్చు. మూత్రం నుంచే ఇన్‌ఫెక్షన్ మొదలైందా అని వెతుకుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇంకా రెండున్నాయి. విటమిన్ సి శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది. మూత్రం సరిగా రాని రోగిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కిడ్నీ నాళికల్లో పేరుకుంటే, షాక్ వల్ల దెబ్బతిన్న కిడ్నీకి అది రెండో దెబ్బ. జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లలో ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. అర్ధరాత్రి షాక్‌తో వచ్చిన మనిషికి జీ6పీడీ పరీక్ష చేసి మందు మొదలుపెట్టే ఐసీయూ ఎక్కడుంది?

ఇప్పటికే విటమిన్ సి నడుస్తున్న రోగికి ఇలా చేయండి. తగ్గించుకుంటూ రావాల్సిన అవసరం లేదు, వెంటనే ఆపేయొచ్చు. ఆపిన రోజు, మర్నాడు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ రోజులు మీటర్ అంకె ఒక్కటే చూసి ఇన్సులిన్ పెంచకండి. ఫ్లోరైడ్ వయల్‌లో రక్తం తీసి హెక్సోకైనేజ్ ఉన్న ల్యాబ్‌కు పంపి సరిచూడండి. రోగిని వేరే ఆసుపత్రికి పంపుతుంటే విటమిన్ సి చివరి డోసు ఎప్పుడు వెళ్లిందో రెఫరల్ లెటర్‌లో రాయండి, అక్కడివాళ్లు కూడా అదే మీటర్ నమ్ముతారు.

చికిత్సగా వద్దన్నాను గానీ, పోషకంగా కావలసినవాళ్లున్నారు. చిగుళ్ల నుంచి రక్తం, వెంట్రుకల కుదుళ్ల చుట్టూ ఎర్రటి చుక్కలు, నెలల తరబడి సరిగా తినని మనిషి, ఇలాంటి స్కర్వీ అనుమానం ఉంటే లోపాన్ని పూడ్చండి. సిరల ద్వారానే ఆహారం వెళ్తున్నవారికి రోజుకు 100 నుంచి 200 మి.గ్రా. మామూలుగా కలుపుతారు. గ్రాముల లెక్కకూ దీనికీ పోలిక లేదు.

థయామిన్‌కు వద్దాం. గ్లూకోజ్ నుంచి వచ్చే పైరువేట్ మైటోకాండ్రియాలో శక్తి తయారుచేసే చక్రంలోకి వెళ్లాలంటే పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి, దానికి థయామిన్ కావాలి. అది లేకపోతే ఆక్సిజన్ అందుతున్నా కణం లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం) తయారు చేస్తూనే ఉంటుంది. లోపం తీవ్రమైతే గుండె కూలబడి, బీపీ పడిపోయి, లాక్టేట్ ఆకాశాన్నంటే షోషిన్ బెరిబెరి వస్తుంది. చూడటానికి అచ్చం సెప్టిక్ షాకే. యాంటీబయాటిక్స్ మార్చినా, నార్‌అడ్రినలిన్ పెంచినా కదలదు. థయామిన్ ఇస్తే కొన్ని గంటల్లోనే తేడా కనిపిస్తుంది. ఇంత చవకైన ఇంజెక్షన్ ఇవ్వక మనిషిని పోగొట్టుకోవడం క్షమించరానిది.

ఎవరికి ఇవ్వాలి? రోజూ తాగేవాళ్లు. వారం పది రోజులుగా అన్నం ముట్టనివాళ్లు, వాంతులు ఆగని గర్భిణులు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. గుండె జబ్బుకు ఏళ్లుగా ఫ్రూసెమైడ్ వాడుతున్నవాళ్లు, ఆ మందు మూత్రంలో థయామిన్‌ను పోగొడుతుంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. వీళ్లలో ఎవరైనా సెప్టిక్ షాక్‌తో వస్తే రక్తంలో థయామిన్ స్థాయి పరీక్షకు పంపి ఎదురుచూడకండి, ఫలితం వచ్చేసరికి కథ ముగిసిపోతుంది. 200 మి.గ్రా. 100 మి.లీ. ఎన్‌ఎస్‌లో (సెలైన్) అరగంట పాటు, రోజుకు రెండుసార్లు. చూపు ఒకవైపే నిలిచిపోవడం, కళ్లు అదరడం, నడక తూలడం, అయోమయం ఉన్నాయని తెలిస్తే వెర్నికీ (థయామిన్ లోపంతో మెదడు దెబ్బతినడం) అనుకుని 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇవ్వండి. సోడా బైకార్బ్ వెళ్తున్న లైనులో కలపకండి, క్షారంలో థయామిన్ పాడైపోతుంది. మెగ్నీషియం తక్కువుంటే థయామిన్ ఎంత ఇచ్చినా పనిచేసే రూపానికి మారదు, కాబట్టి దాన్నీ చూసి సరిచేయండి. తాగుడు అలవాటున్నవాళ్లకు డెక్స్‌ట్రోస్ పెట్టేముందు గానీ దాంతోపాటు గానీ థయామిన్ వెళ్లాలి. అలాగని షుగర్ 40 ఉన్న మనిషికి థయామిన్ దొరికేదాకా డెక్స్‌ట్రోస్ ఆపకండి.

పసుపు రంగు ఎంవిఐ (మల్టీవిటమిన్) సీసాలో వేసి థయామిన్ ఇచ్చేశామనుకోవడం తరచూ చూసే పొరపాటు. పై డోసుతో పోలిస్తే ఎంవిఐలో థయామిన్ ఉండేది చాలా తక్కువ, లోపం ఉన్న రోగికి అది ఏ మూలకూ చాలదు.

అందరికీ ఇస్తే తప్పా? పెద్ద హాని లేదు, పెద్ద లాభమూ లేదు. 2016లో 88 మంది సెప్టిక్ షాక్ రోగులపై జరిగిన ట్రయల్‌లో అందరినీ కలిపి చూస్తే లాక్టేట్‌లో తేడా రాలేదు. మొదట్లోనే థయామిన్ లోపం ఉన్నవాళ్లు 35 శాతం, వాళ్లలో మాత్రం 24 గంటలకు లాక్టేట్ తగ్గింది. అందుకే అనుమానం ఉంటే ధారాళంగా ఇవ్వమంటాను.

లాక్టేట్ తగ్గడం లేదని విటమిన్ డోసు పెంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ముందు కారణం వెతకండి. అడ్రినలిన్ ఇన్‌ఫ్యూజన్ నడుస్తోందా, అదే లాక్టేట్ పెంచుతుంది. సాల్బుటమాల్ నెబులైజేషన్ పదేపదే ఇస్తున్నారా? మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగికి మూత్రం ఆగిపోయిందా, అయితే డయాలసిస్ గురించి ఆలోచించండి. కడుపులో పేగు కుళ్లుతోందా, కాలిలో చీము దాగుందా?

హైడ్రోకార్టిసోన్ లెక్క. నార్‌అడ్రినలిన్ కిలోకు నిమిషానికి 0.25 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ కనీసం నాలుగు గంటలుగా నడుస్తుంటే 50 మి.గ్రా. ఆరు గంటలకోసారి మొదలుపెట్టండి. 60 కిలోల మనిషికి అది నిమిషానికి 15 మైక్రోగ్రాములు. 50 మి.లీ. సిరంజిలో 4 మి.గ్రా. బేస్ (లవణం బరువు తీసేసిన అసలు మందు) కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు, అంటే గంటకు 11.25 మి.లీ. ఇక్కడ జారిపడేవాళ్లు ఎక్కువ. ఆంప్యూల్ మీద నార్‌అడ్రినలిన్ బైటార్‌ట్రేట్ 2 మి.గ్రా. అని ఉంటే అందులో బేస్ 1 మి.గ్రా. మాత్రమే. లవణం అంకెను బేస్ అంకె అనుకుంటే మీరు ఇస్తున్నామనుకున్న దాంట్లో సగమే వెళ్తుంది. స్టెరాయిడ్ కావాలో వద్దో తప్పుగా తేలుతుంది, రెఫరల్ లెటర్‌లోనూ తప్పు డోసే పడుతుంది. ఈ దశలోనే వేసోప్రెసిన్ జత చేయాలి. నిమిషానికి 0.03 యూనిట్లు, 20 యూనిట్లు 50 మి.లీ.లో కలిపితే గంటకు 4.5 మి.లీ. దీన్ని పెంచుకుంటూ పోయే అవసరం లేదు. బీపీ మందులు పూర్తిగా ఆగాక స్టెరాయిడ్ ఆపండి, ఆపాక ఒక రోజు బీపీ మీద కన్నేసి ఉంచండి.

విటమిన్ సి రాయడం మానేస్తే మిగిలే శ్రద్ధ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి, మన పక్క ఇది మరీ ముఖ్యం. ఆగస్టు నుంచి జనవరి దాకా చిత్తూరు, తిరుపతి పల్లెల నుంచి జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, ఆయాసం, బీపీ పడిపోవడంతో వచ్చేవాళ్లలో స్క్రబ్ టైఫస్ (పొలాలు, పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) తరచూ ఉంటుంది. డెంగీ అనుకుని ప్లేట్‌లెట్లు లెక్కపెడుతూ కూర్చుంటే కాలం దాటిపోతుంది. మెరోపెనెమ్, సెఫ్‌ట్రియాక్సోన్, పిప్‌టాజ్, వీటిలో ఏదీ ఆ క్రిమి మీద పనిచేయదు. బట్టలు పూర్తిగా తీయించి చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం దగ్గర బట్ట బిగించే చోటు, చెవుల వెనక చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఒక్కటి కనిపించినా చాలు. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు. కనిపించకపోయినా కొట్టిపారేయలేం. అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్ మొదటి గంటలోనే. ఐవీ 100 మి.గ్రా. 100 మి.లీ. ఎన్‌ఎస్‌లో అరగంట పాటు, రోజుకు రెండుసార్లు. షాక్‌లో రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) నుంచి వేసిన మందు ఎంత ఒంటబడుతుందో చెప్పలేం. వేరే దారి లేక ట్యూబ్‌లో వేస్తే సుక్రాల్‌ఫేట్, యాంటాసిడ్ ఆ దగ్గర్లో వేయకండి, అవి డాక్సీసైక్లిన్‌ను పట్టేసుకుంటాయి. గర్భిణులకు అజిత్రోమైసిన్. వేలూరు సీఎంసీ నేతృత్వంలో జరిగిన ఇంట్రెస్ట్ ట్రయల్ 2023లో వచ్చింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో ఐవీ డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఏదో ఒక్కటి ఇచ్చినదానికంటే మేలని అది చూపించింది. మన వాకిట్లో జరిగిన ట్రయల్‌ను వదిలేసి వర్జీనియా 47 మందిని పట్టుకోవడం ఎందుకు?

రెండో రకం కేసు, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు మూత్రం ఇన్‌ఫెక్షన్. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ ఉబ్బి ఉందా, గాలి ఉందా అని అదే రోజు చూడాలి. అడ్డం ఉండి చీము పట్టిన కిడ్నీకి స్టెంట్ గానీ, వీపు నుంచి గొట్టం గానీ వేయకుండా ఏ మందూ షాక్‌ను విడిపించదు. మీ దగ్గర యూరాలజిస్టు లేకపోతే వెంటనే పంపండి. చిత్తూరు నుంచి వేలూరు దగ్గర, తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. కల్చర్‌కు రక్తం తీసి, మొదటి డోసు యాంటీబయాటిక్ పడ్డాకే బండి కదలాలి. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రవం) కిలోకు 30 మి.లీ. లెక్కన వెళ్తుండాలి. సెంట్రల్ లైన్ లేదని నార్‌అడ్రినలిన్ ఆపకండి. మోచేతి దగ్గరి మంచి నరంలో కొంతసేపు నడపొచ్చు, దారిలో పావుగంటకోసారి ఆ చోటు తెల్లబడిందా, ఉబ్బిందా చూస్తే చాలు.

మిగతా విటమిన్ల గురించి రెండు ముక్కలు. విటమిన్ డి లోపం ఉన్న తీవ్ర అస్వస్థులకు ఒకేసారి 5,40,000 యూనిట్లు ఇచ్చి చూసిన వయలెట్ ట్రయల్ 2019లో మరణాలు తగ్గలేదని తేల్చింది. బీ12 షాక్‌లో బీపీ పెంచుతుందన్నది హైడ్రాక్సోకోబాలమిన్ 5 గ్రాముల డోసు మాట, అదీ 20 మందిపై చేసిన తొలి ప్రయత్నం. 1 మి.గ్రా. ఆంప్యూల్‌తో ఆ డోసు ఇవ్వాలంటే 5000 ఆంప్యూళ్లు పగలగొట్టాలి. కాబట్టి ఒక మిథైల్‌కోబాలమిన్ పొడిచి బీ12 ఇచ్చామనుకోకండి.

ఇంటివాళ్లు వాట్సాప్ వీడియో చూపించి సి విటమిన్ డ్రిప్ ఎందుకు ఆపారని అడుగుతారు. లోవిట్ అంకెలు వాళ్లకు అక్కర్లేదు. ‘ఆ డ్రిప్ మీద పెద్ద పరీక్షలు జరిగాయి, ఇచ్చినవాళ్లకు మేలు జరగలేదు, షుగర్ మిషన్‌ను తప్పు చూపిస్తుంది కూడా, అందుకే పెట్టడం లేదు. నాన్నగారికి ఇప్పుడు పనిచేస్తున్నవి యాంటీబయాటిక్, బీపీ మందు’ అని చెప్పండి. ఆ మాటల్లోనే ఆయన రోజూ తాగుతారా, ఎన్నాళ్లుగా అన్నం తినలేదు, ఈ మధ్య పొలానికి వెళ్లారా అని అడిగేయండి. థయామిన్, డాక్సీసైక్లిన్ రెండూ కావాలో లేదో ఆ మూడు జవాబుల్లో చాలావరకు తెలిసిపోతుంది.